ముప్పావు అంగుళం ముఖం: రంగస్థల నాటకం లైవ్ టెలివిజన్‌కి ఎలా మారింది

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. నా ముఖం కనపడుతోందా? ముఖం ఉందని తెలుస్తోంది, అంతే కదా! ఇప్పుడు నేను కనుబొమ్మ ఎగరేశాను. ఎవరికైనా తెలిసిందా? తెలీలేదు. ముందు వరసలో వాళ్లకి తెలిసింది, నవ్వుతున్నారు. మీకు తెలియడానికే ఇక్కడ నేను చెయ్యి ఊపుతున్నాను, గొంతు పెంచుతున్నాను. రంగస్థల నటుడు చేసే పనీ ఇదే. చివరి బెంచీ వాడికి అందాలి.

మరి చివరి బెంచీయే లేకపోతే? చూసేవాడు నీకు ఆరడుగుల దూరంలో, తన ఇంట్లో, కుర్చీలో కూర్చుంటే? టీవీ వచ్చిన కొత్తలో నాటకం వేసినవాళ్లకి మొదట ఎదురైన చిక్కు ఇది. అయితే అసలు చిక్కు ఇది కాదు. అసలు చిక్కు కాళ్లతోనూ గడియారంతోనూ వచ్చింది. దాని దగ్గరికి మెల్లగా వెళ్దాం.

ముందు ఒక చిన్న లెక్క. యుద్ధం తర్వాత 1946లో అమెరికాలో ఆర్‌సీఏ వాళ్లు 630టీఎస్ అని ఒక సెట్టు అమ్మారు. దాని పిక్చర్ ట్యూబు పది అంగుళాలు. అంటే బొమ్మ సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. అందులో మనిషిని తల నుంచి కాళ్ల దాకా నిండుగా నిలబెడితే ఆరంగుళాల మనిషి. మనిషి ఎత్తులో తల ఎనిమిదో వంతు. కాబట్టి ముఖం ముప్పావు అంగుళం. ఇప్పుడు ముప్పై అడుగుల స్టేజీ మొత్తాన్ని ఆ ఎనిమిది అంగుళాల్లో పట్టించండి. ఆరడుగుల మనిషి ఒకటిన్నర అంగుళాలకి కాస్త పైన ఉంటాడు. వాడి ముఖం? కందిగింజంత. కందిగింజ మీద కోపం చూపించండి చూద్దాం! కందిగింజ మీద పశ్చాత్తాపం చూపించండి!

అందుకని హాల్లో కెమెరా పెట్టి నాటకాన్ని ఉన్నదున్నట్టు పంపిస్తే పోదా అంటే, పోదు. లండన్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ వాళ్లు 1936 నవంబరు 2న రోజువారీ ప్రసారాలు మొదలుపెట్టారు. నాలుగు రోజులకే, నవంబరు 6న, అప్పటికి థియేటర్లో ఆడుతున్న 'మారిగోల్డ్' అనే నాటకంలోంచి కొన్ని ఘట్టాలు ప్రసారం చేశారు. నాటకం మొత్తం కాదు, ఘట్టాలు. మొదటి ఏడాదంతా ఎక్కువగా ఇదే పద్ధతి, ఆడుతున్న నాటకంలోంచి ఒక ముక్క తెచ్చి చూపించడం. పూర్తి నాటకాన్ని టీవీకి తగ్గట్టు మలచడమంటే అది వేరే విద్య. ఆ విద్య ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

మూడు మూరల వెలుగులో పిరాండెల్లో

1928 సెప్టెంబరు 11. అమెరికాలో స్కెనెక్టడీ అనే ఊళ్లో డబ్ల్యూజీవై రేడియో కేంద్రం. 'ది క్వీన్స్ మెసెంజర్' అనే పాత ఏకాంకిక. రెండే పాత్రలు. కెమెరాలు మూడు. పాత్రలు రెండైతే మూడో కెమెరా దేనికి? చేతులకి! ముఖం చూపే కెమెరాలో ముఖం ఒక్కటే పడుతుంది, చేతులు పడవు. కథలోనేమో గ్లాసులున్నాయి, తాళాలున్నాయి. అందుకని చేతుల కోసం వేరే ఇద్దరు నటుల్ని పెట్టారు. ముఖం ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. డైరెక్టరు ముందు చిన్న పెట్టె, దాని మీద నాబులు. ఒక బొమ్మని తగ్గించి ఇంకొక బొమ్మని పెంచడం అన్నమాట. ఇవాళ టీవీ స్టూడియోలో చేసే పనికి ఇది తాతగారు.

కానీ నాకు ఎక్కువ ఆసక్తి 1930 జులై 14 మీద. లండన్‌లో లాంగ్ ఏకర్ వీధి, టీవీని మొదట తయారుచేసినవాళ్లలో ఒకడైన బెయిర్డ్ కంపెనీ స్టూడియో, సోమవారం మధ్యాహ్నం. ఇటలీ రచయిత లుయీజీ పిరాండెల్లో నాటకం 'ద మ్యాన్ విత్ ద ఫ్లవర్ ఇన్ హిజ్ మౌత్', అంటే నోట్లో పువ్వున్న మనిషి. బీబీసీ తరఫున లాన్స్ సీవ్‌కింగ్ తయారు చేశారు. బ్రిటన్‌లో టీవీలో ప్రసారమైన మొదటి నాటకం.

ఆ నాటకమే ఎందుకు? ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే సగం అనుసరణ నాటకం ఎంచుకోవడంలోనే అయిపోతుంది. బెయిర్డ్ పద్ధతిలో బొమ్మకి గీతలు ముప్పై. అడ్డగీతలు కావు, నిలువు గీతలు. బొమ్మ కూడా నిలువుదే. ఎత్తు ఏడు పాళ్లయితే వెడల్పు మూడు. తలుపు సందులోంచి చూసినట్టుంటుంది. సెకనుకి పన్నెండున్నర బొమ్మలు. గీతకి డెబ్భై చుక్కల చొప్పున ముప్పై గీతలకి 2,100 చుక్కలు. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోను తెరలో ఒక మూల, గోరంత మేర తీసుకుంటే అంతకంటే చాలా ఎక్కువ చుక్కలుంటాయి. ఇంకా పెంచొచ్చు కదా అంటారేమో. పెంచలేరు. అది వెళ్లేది మీడియం వేవ్ రేడియో ట్రాన్స్‌మిటర్ మీద. మాట, పాట మోయడానికి కట్టిన దారి అది. అందులోంచి బొమ్మని దూర్చాలి. 2,100 చుక్కలు, సెకనుకి పన్నెండున్నర సార్లు, అదే ఆ దారికి ఎక్కువ.

ఇంకా విచిత్రం, స్టూడియో చీకటి. చీకట్లో టీవీ ఏమిటి? ఫ్లయింగ్ స్పాట్ అంటారు దాన్ని. మామూలుగా నటుడి మీద వెలుగు పడుతుంది, కెమెరా చూస్తుంది. ఇక్కడ తలకిందులు. తిరిగే చిల్లుల చక్రంలోంచి సన్నని వెలుగు చుక్క వచ్చి నటుడి ముఖాన్ని గీతగీతగా తడుముతుంది. ముఖం మీదినించి తిరిగొచ్చిన వెలుగుని ఫోటోసెల్స్, అంటే వెలుగుని కరెంటుగా మార్చే గొట్టాలు, పట్టుకుంటాయి. గదిలో ఇంకే వెలుగున్నా బొమ్మ చెడుతుంది. కాబట్టి నటుడు చీకట్లో, మినుకు మినుకుమనే వెలుగు కంట్లో గుచ్చుకుంటుంటే, తల ఆ వెలుగు మేర దాటకుండా కూర్చుని నటించాలి. ముందుకు వంగితే నుదురు తెగుతుంది. పక్కకి జరిగితే చెవి పోతుంది. లేచి నిలబడితే? చొక్కా గుండీలు ప్రసారమవుతాయి.

ఇలాంటి యంత్రానికి ఏ నాటకం పనికొస్తుంది? పిరాండెల్లో నాటకంలో రాత్రిపూట ఒక కాఫీ హోటల్. రైలు తప్పిపోయిన ప్రయాణికుడొకడు, చావు దగ్గరపడినవాడొకడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. దూరంగా ఒక ఆడమనిషి తొంగి చూస్తుంది, ఆ చావు దగ్గరపడినవాడి భార్య. అంతే. పరుగులు లేవు, కత్తులు లేవు, పెళ్లిబృందం లేదు. మాట్లాడేది చాలావరకు ఆ చావు దగ్గరపడినవాడొక్కడే. నిడివి అరగంట లోపు. పెదవి మీద, మీసం చాటున, అతనికి పుండు పుట్టింది. దాన్నే పువ్వంటాడు. ముప్పై గీతల్లో ఆ పుండు కనపడుతుందా? చచ్చినా కనపడదు. కనపడక్కర్లేదు కూడా! ఆ పువ్వుని రచయిత మాటలో పెట్టాడు, రంగులో పెట్టలేదు. అతను కొట్టు గుమాస్తాలు పొట్లాలు కట్టే తీరుని ఎంతసేపు వర్ణిస్తాడో చదివితే తెలుస్తుంది. చూపించలేని యంత్రానికి, చెప్పి చూపించే నాటకాన్ని వెతికి పట్టుకున్నారు. నా లెక్కలో ఆ ఎంపికే ఆ ప్రయోగంలో గొప్ప పని.

ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి ఎలా వెళ్లారు? యంత్రం కదలదు. కుర్చీలో మనిషి మారాలి. మారేటప్పుడు చూసేవాడికి ఆ లేవడం, కూర్చోవడం కనపడకూడదు. అందుకు ఫేడింగ్ బోర్డు పెట్టారు. చదరంగం గళ్లున్న చెక్క అది. వెలుగు దారికి అడ్డంగా చేత్తో జరిపేవారు. గళ్లు వచ్చి ముఖాన్ని కప్పుతాయి, ఈలోపు ఒకరు జరిగి ఇంకొకరు కూర్చుంటారు, చెక్క తప్పుకుంటుంది. మన వీధినాటకంలో ఇద్దరు పట్టుకునే తెర గుర్తొస్తోందా? నాకూ అదే గుర్తొస్తుంది. సీను ఫలానా చోటని చెప్పడానికి చిత్రకారుడు నెవిన్సన్ వేసిన బొమ్మలు ఆ వెలుగు ముందే పెట్టారు. ఖాళీల్లో గ్రామఫోను సంగీతం వేశారు.

గళ్లే ఎందుకు, ఉత్త నల్ల అట్ట పెట్టొచ్చుగా? పెట్టొచ్చు. కానీ తెర మొత్తం నల్లబడితే ఇంట్లో చూసేవాడు సెట్టు చెడిందనుకుని మీటలు తిప్పడం మొదలుపెడతాడు. గళ్లు కనపడుతుంటే బొమ్మ వస్తోందని తెలుస్తుంది. ఇది నా ఊహ, కానీ ఆ రోజుల సెట్లని ఎంత బతిమాలితే బొమ్మ నిలబడేదో తెలిసినవాళ్లెవరూ కాదనరు.

ఇంకొక్క మాట. ఇంటర్నెట్లో ఈ నాటకం వీడియో ఉంటుంది. చూసి, ఆహా 1930 నాటి టీవీ అనుకోకండి. 1930లో టీవీ ప్రసారాన్ని దాచుకునే ఏర్పాటు బీబీసీకి లేదు. మీరు చూసేది 1967లో, అదే ముప్పై గీతల పద్ధతిలో, నెవిన్సన్ వేసిన అవే బొమ్మలతో, సీవ్‌కింగ్ గారిని మళ్లీ పిలిచి కొత్త నటులతో తీసిన పునఃసృష్టి. అది కూడా విలువైనదే. కానీ అసలుది గాల్లో కలిసిపోయింది.

ఒకే గుహలో నాలుగు రోజులు

ఏడేళ్లు ముందుకొద్దాం. 405 గీతలు, ఎలక్ట్రానిక్ కెమెరాలు, వాటి పేరు ఎమిట్రాన్. స్టూడియో సుమారు డెబ్భై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. 1937 నవంబరు 11, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుకి వార్షికోత్సవం. జార్జ్ మోర్ ఓఫెరాల్ నిర్మాతగా ఆర్.సి. షెరిఫ్ రాసిన 'జర్నీస్ ఎండ్' వేశారు.

మళ్లీ అదే ప్రశ్న, ఎందుకు ఆ నాటకం? నాటకమంతా ఒకే చోట జరుగుతుంది. 1918 మార్చిలో ఫ్రాన్సులో, శత్రువు ఎదురుగా, నేలలో తవ్విన గుహలాంటి బంకరు. కొవ్వొత్తులు, బల్ల, మంచాలు, పైకి మెట్లు. నాలుగు రోజులు. స్టేజీ మీద ఆ ఇరుకుని పెద్ద హాల్లో నమ్మించాలి. టీవీకి ఇరుకు పుట్టుకతో వచ్చింది! స్టేజీకి కష్టమైంది టీవీకి తేలికైపోయింది. నాటకాలు చదివేటప్పుడు ఈ కొలత పెట్టుకోండి. రచయిత గోడల్ని దగ్గరికి తెస్తున్నాడా, దూరం చేస్తున్నాడా అని.

ఆ రోజుల్లో ఇంకొక ఇబ్బంది ఉంది. ఒక కెమెరా నుంచి ఇంకొక కెమెరాకి టక్కున కోత పడదు. ఒక బొమ్మ మెల్లగా కరిగి ఇంకొకటి రావాలి, దానికి కొన్ని సెకన్లు. అంటే 'నువ్వే చంపావు!' అని ఒకడనగానే రెండోవాడి ముఖం చూపించాలనుకుంటే, ఆ ముఖం వచ్చేసరికి వాడి ఉలికిపాటు అయిపోతుంది. మరేం చేస్తారు? ఇద్దర్నీ ఒకే చట్రంలో పెడతారు. ఒకడు కెమెరాకి దగ్గర, ఇంకొకడు వెనక. లేకపోతే ఉలికిపాటుని రెండు క్షణాలు ఆపి పలికిస్తారు. నటుడి లయని యంత్రం లయ నిర్ణయించిందన్నమాట. బయట యుద్ధం చూపడానికి మధ్యమధ్యలో ఫిల్మ్ ముక్కలు వేశారు. ఆ ముక్కలు బాంబుల్ని చూపడమే కాదు, లోపల నటులకి ఊపిరి పీల్చుకునే వ్యవధినీ ఇచ్చాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

సీజర్ని 52 నిమిషాల్లో చంపడం

ఇక అమెరికా. 1947 మే 7న క్రాఫ్ట్ కంపెనీ ఖర్చుతో ఎన్‌బీసీలో వారం వారం నాటకం మొదలైంది. 1948లో ఫిల్కో వాళ్లది, అదే ఏడాది సీబీఎస్‌లో 'స్టూడియో వన్'. వారానికో కొత్త నాటకం, లైవ్‌గా! అన్ని నాటకాలు ఎక్కడ దొరుకుతాయి? న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వేలో బాగా ఆడినవాటి హక్కులు చాలావరకు హాలీవుడ్ కంపెనీలు కొనేసుకున్నాయి, టీవీకి ఇవ్వమన్నాయి. షేక్‌స్పియర్‌కి హక్కుల గొడవ లేదు. క్లాసిక్ నాటకాల మీద టీవీవాళ్లకి పుట్టిన భక్తిలో ఈ పాలు కూడా ఉంది, దాచుకోవడమెందుకు?

1949 మార్చి 6న స్టూడియో వన్‌లో వర్తింగ్టన్ మైనర్ షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' వేశారు. రోమన్ దుస్తులు కాదు, ఆ కాలపు మామూలు దుస్తుల్లో. ఆయన ఆలోచన ఏదైనా, కెమెరాకి అది మేలే. ఇమేజ్ ఆర్థికాన్ అనే కొత్త కెమెరా ట్యూబుకి తెల్లని తెలుపు పడదు. మెరిసే తెలుపు చుట్టూ నల్లని మసి వలయం పడుతుంది. కొవ్వొత్తి మంట చుట్టూ అయితే మరీను. అందుకే ఆ రోజుల్లో తెల్లచొక్కాలకి లేత నీలం రంగు వేసి తొడిగేవారు. ఇరవైమంది తెల్లని బట్టలు చుట్టుకుని వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు మన పని మొదలుపెడదాం. ఆ ప్రయోగంలో ఏం చేశారని కాదు, అలాంటి గంట స్లాటు మనకిస్తే ఏం చేయాలని. గంటలో ప్రకటనలు, పేర్లు పోగా నాటకానికి మిగిలేది 52 నిమిషాలనుకోండి. నాటకంలో దాదాపు 2,450 పంక్తులున్నాయి. నిమిషానికి పద్దెనిమిది, ఇరవై పంక్తులు నడుస్తాయి. చూపులు, నడకలు, కత్తిపోట్లు తీసేస్తే మాటకి మిగిలేది యాభై నిమిషాల లోపు. అంటే తొమ్మిది వందల పంక్తులు. ఐదింట మూడు వంతులకి పైగా పోవాలి.

చాలామంది చేసే తప్పేమిటి? ప్రతి ప్రసంగంలోంచీ రెండేసి పంక్తులు గిల్లుతారు. గిల్లితే ఏమవుతుంది? ప్రతి పాత్రా ఉంటుంది, ఏ పాత్రా నిలబడదు. పెళ్లిభోజనంలో అన్ని వంటకాలూ చెంచాడు చొప్పున వడ్డించినట్టు. గిల్లకండి, నరకండి. ఒక తీగ పట్టుకుని మొదలంటా లాగేయండి. కవి సిన్నాని జనం పొరపాటున చంపే సీను పోనివ్వండి. చివరి యుద్ధంలో పరుగులు, వార్తాహరులు, కొండలెక్కి చూడడాలు, అన్నీ పోనివ్వండి. గుడారంలో బ్రూటస్, కాషియస్, అంటే సీజర్ని చంపిన కుట్రదారుల్లో ముఖ్యులిద్దరి పోట్లాట మాత్రం ఒక్క పంక్తి ముట్టుకోకండి. ఇద్దరు స్నేహితులు, ఒక బల్ల, ఒక దీపం. మూడు వందల యాభై ఏళ్ల ముందు టీవీ కోసమే రాసినట్టుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. మాట కొట్టేస్తున్నామనుకుంటాం, నిజానికి అడుగులు కొట్టేస్తున్నాం. అర్థం కాలేదా? చెప్తాను. రెండో అంకం మొదటి రంగంలో బ్రూటస్ తన తోటలో ఉంటాడు. రంగం చివరిదాకా అక్కడే. తర్వాత సీజర్ ఇల్లు, భార్య కల్పూర్నియా పీడకల గొడవ. ఆ రంగంలో బ్రూటస్ వచ్చేసరికి వంద పంక్తులు దాటుతాయి. అంటే ఐదు నిమిషాలకి పైన. ఈ ఐదు నిమిషాల్లో బ్రూటస్ ఏం చేస్తాడు? తోట సెట్టు వెనకనించి నడిచి, కోటు మార్చుకుని, చెమట తుడిపించుకుని, సీజర్ ఇంటి తలుపు బయట నిలబడతాడు. ఇప్పుడు మీరు కల్పూర్నియా సీనుని పన్నెండు పంక్తులకి కుదించారు. బాగుంది, బిగువుగా ఉంది, రిహార్సల్ గదిలో అందరూ మెచ్చుకున్నారు. ప్రసారం రోజు? ముప్పై అయిదు సెకన్లు. బ్రూటస్ ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట!

ఇంకొకటి చూడండి. మూడో అంకంలో కుట్రదారులు సీజర్ నెత్తుట్లో చేతులు ముంచుతారు. తర్వాతి రంగం, ఫోరమ్‌లో, అంటే రోము ఊరి కూడలిలో, జనం ముందు బ్రూటస్. మధ్యలో శవం దగ్గర సీజర్ స్నేహితుడు ఆంటొనీ ఒక్కడే మాట్లాడతాడు, తర్వాత ఒక సేవకుడొస్తాడు. నలభై చిల్లర పంక్తులు, రెండు నిమిషాలు. స్టేజీ మీద బ్రూటస్ చేతులు కడుక్కునే రెండు నిమిషాలవి. సేవకుడెవడికి కావాలని వాణ్ని తీసేస్తారు చాలామంది. తీసేస్తే బ్రూటస్‌కి మిగిలేది నిమిషం. బకెట్టు నీళ్లు, తువ్వాలు, ఇద్దరు మనుషులు రెడీగా ఉంటే చేతులు శుభ్రమవుతాయి, గోళ్ల సందుల్లో రంగు ఉండిపోతుంది. హాల్లో అయితే ఎవరికి తెలుస్తుంది? క్లోజప్పులో అందరికీ తెలుస్తుంది.

మరి దారి? మూడున్నాయి. ఒకటి, కొత్త రంగాన్ని వచ్చే మనిషి మీద మొదలుపెట్టకపోవడం. జనంలో ఒకడి ముఖం మీద మొదలుపెట్టు, గోడ మీద నీడ మీద మొదలుపెట్టు, బ్రూటస్ పేరుని నలుగురు అరుస్తుండగా మొదలుపెట్టు. ఇరవై సెకన్లు దొరుకుతాయి. రెండు, లోపలి బట్ట మీద పైబట్ట. కింద తర్వాతి సీను బట్టలు ముందే తొడిగించి, పైది లాగేస్తే చాలేలా. మూడు, ప్రకటన విరామం ఎక్కడ పడుతుందో తెలుసుకుని, ఎక్కువ పరుగున్న చోట దాన్ని పెట్టడం. సబ్బు ప్రకటన వస్తుంటే బ్రూటస్ నిజంగానే సబ్బుతో చేతులు కడుక్కుంటుంటాడు!

అనుసరణ చేసేవాడి ముందు రెండు కాగితాలుండాలి. ఒకదాని మీద మాటలు. ఇంకొకదాని మీద స్టూడియో నేల పటం, అడుగుకి పావంగుళం కొలతతో. గోడల చుట్టూ సెట్లు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో మూడు కెమెరాలు, సౌండు బూమ్‌లు, అంటే మైకు వేలాడే పొడవాటి కర్రలు. ఒక్కో కెమెరాకి వెనక లావుపాటి కేబులు తోకలా ఉంటుంది. ఒకటో కెమెరా మూడో కెమెరాని దాటి అవతలికి వెళ్లిందంటే తోకలు మెలిపడతాయి. మెలిపడితే విప్పడానికి లైవ్‌లో సమయం లేదు. అందుకే నియమం, ఎడమది ఎడమనే, కుడిది కుడినే. నటుల్నే కెమెరాల వరసకి తగ్గట్టు నిలబెట్టాలి.

ప్రతి కెమెరా ముందు నాలుగు లెన్సులున్న చక్రం. మామూలుగా 35, 50, 90, 135 మిల్లీమీటర్లవి. ఇప్పటిలా జూమ్ చేయడం లేదు. లెన్సు మార్చాలంటే చక్రం తిప్పాలి. తిప్పేటప్పుడు ఆ కెమెరా ప్రసారంలో ఉండకూడదు. అంటే ఆ కెమెరాకి రెండు మూడు సెకన్ల సెలవు కావాలి. చోటు మారాలంటే ఐదు, పది సెకన్లు. ఒకే మనిషి ముఖం మీద వరసగా మూడు షాట్లు రాసేసి, ఆ మూడూ ఒకే కెమెరా నుంచి కావాలంటే కుదరదు. స్క్రిప్టులో కుడిపక్క మాట, ఎడమపక్క షాటు నంబరు, కెమెరా నంబరు, లెన్సు. ప్రతి కెమెరామనిషికీ తన షాట్లు మాత్రమే రాసిన కార్డు కెమెరాకి క్లిప్పు పెట్టి ఉంటుంది. అతనికి నాటకం తెలియక్కర్లేదు, తన తర్వాతి షాటు తెలిస్తే చాలు. నాటకం తెలిసిన కెమెరామనిషి దొరికితే అది మీ అదృష్టం.

స్వగతం సంగతి అడుగుతారని తెలుసు. మన సంస్కృత నాటకంలో స్వగతం ఉంది, జనాంతికం ఉంది. జనాంతికంలో త్రిపతాక హస్తం, అంటే ఉంగరపు వేలు మడిచి మిగతావి చాచిన చెయ్యి, అడ్డం పెట్టి పక్కవాడితో మాట్లాడతాడు, మిగతావాళ్లకి వినపడనట్టు. ఆ చెయ్యి అడ్డం పెట్టడాన్ని టీవీలో చట్రం చేస్తుంది. ఇద్దర్నే చట్రంలో ఉంచి మిగతావాళ్లని బయటికి తోసేస్తే అదే జనాంతికం, చెయ్యెత్తక్కర్లేదు. స్వగతానికి ఆ రోజుల్లో రెండు దారులు. గొంతు తగ్గించి, పెదవులు కదిలిస్తూ, కెమెరా దగ్గరికొచ్చి చెప్పడం. లేదా మాటల్ని ముందే రికార్డు చేసి, ప్రసారంలో నటుడు పెదవి కదపకుండా ఉంటే గొంతు మాత్రం వినిపించడం. రెండోది వినడానికి తేలిక. చేయడానికి ప్రాణాంతకం. ఎందుకంటే రికార్డు ఆగదు. నటుడు తన గొంతుని తానే వింటూ, ప్రతి ఆలోచన మాటకి అర క్షణం ముందు కళ్లలోకి రావాలి. మాట తర్వాత వచ్చిందా, పాఠం వింటున్న పిల్లాడిలా ఉంటాడు. స్టేజీ మీద ఆరితేరినవాళ్లు చాలామంది ఇక్కడ తడబడతారు. వాళ్ల లయ ప్రేక్షకుడి ఊపిరి నుంచి వస్తుంది. స్టూడియోలో ఊపిరి లేదు. నవ్వు లేదు. వన్స్‌మోర్ లేదు.

మైకు గురించి రెండు ముక్కలు. బూమ్ కర్ర నటుల తలలపైన వేలాడుతుంది. పదడుగుల దూరంలో ఉన్న ఇద్దరు గబగబా మాటలు విసురుకుంటే కర్ర అటూ ఇటూ తిరిగేలోపు సగం మాటలు పోతాయి. అందుకే వాదించుకునేవాళ్లు దగ్గరగా నిలబడాలి. ఇంకా దాని నీడ గోడ మీద పడుతుంది, బ్రూటస్ తల మీద ఉరితాడులా. నీడ తప్పించే పని లైటింగు మనిషిది, కానీ నటుణ్ని గోడకి నాలుగడుగులు ముందుకి రాసే పని రాసేవాడిది.

నటుడు మాట మరిచిపోతే? బీబీసీలో ప్రాంప్టరు చేతికి ఒక మీట ఇచ్చేవారు. మీట నొక్కితే స్టూడియో ధ్వని మొత్తం తెగుతుంది. నొక్కి, మాట అందించి, వదిలేస్తాడు. ఇంట్లో వాడికి రెండు క్షణాల నిశ్శబ్దం. తన సెట్టుదే లోపమనుకుంటాడు. పద్యనాటకంలో తెర వెనకనించి మొదటి పాదం అందుకోవడం మనకి అలవాటే, అక్కడ జనానికి వినపడినా ఎవరూ ఏమనుకోరు. ఇక్కడ వినపడకూడదు. అందుకని ఒక జాగ్రత్త: వెనక వాన, జనం గోల, సంగీతం నడుస్తున్న సీన్లో మీట నొక్కితే అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, దొంగతనం బయటపడుతుంది. అలాంటి చోట్ల పొడవైన, తిరకాసు పంక్తులు ఉంచకండి.

చివరిగా గడియారం. రిహార్సల్లో ప్రతి పేజీ చివర నిమిషాలు, సెకన్లు రాస్తారు. ముందునించి లెక్క కాదు, చివరినించి. ఈ పేజీకి వచ్చేసరికి ఇంకా ఎంత మిగలాలి అని. ప్రసారంలో నటులు కంగారు పడతారు, కంగారులో వేగం పెరుగుతుంది, లేదా భయంతో నెమ్మదిస్తుంది. ఏది జరుగుతుందో ముందు తెలీదు. అందుకే నాటకం చివరి పావులో రెండు ముక్కలు సిద్ధంగా పెట్టుకోవాలి. తీసేసినా కథ చెడని ఎనిమిది పంక్తులు ఒకటి. సాగదీసినా విసుగు రాని మౌనం ఒకటి. బ్రూటస్ గుడారంలో కుర్రాడు లూషియస్ వీణలాంటి వాద్యం వాయిస్తూ నిద్రపోతాడే, ఆ చోటు అచ్చంగా ఇందుకే ఉన్నట్టుంటుంది. ఆ పాట ఇరవై సెకన్లు ఉండొచ్చు, డెబ్భై సెకన్లూ ఉండొచ్చు. ఫ్లోర్ మేనేజరు కెమెరా పక్కన నిలబడి రెండు చేతుల్తో రబ్బరు సాగదీసినట్టు చూపిస్తే సాగదియ్యి, వేలు గుండ్రంగా తిప్పితే తొందరపడు. నిద్రలోకి జారుకుంటున్న ఆ కుర్రాడు ఆ సైగని కూడా ఓరకంట కనిపెట్టాలి.

బీబీసీలో ఆదివారం వేసిన నాటకాన్ని గురువారం మళ్లీ వేసేవారు. రికార్డు చేసింది కాదు, మళ్లీ అందరూ వచ్చి, మళ్లీ మొదటినించి. అమెరికాలో మానిటరు ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన కినెస్కోపులు నేరు ప్రసారం అందని ఊళ్లకి వెళ్లేవి, మసకగా. గురువారం ప్రదర్శనకి ఆదివారం తప్పులు దిద్దుకోవచ్చు. కొత్త తప్పులు చేయొచ్చు కూడా.

ఇంతా అయ్యాక కూడా నలభై సెకన్లు మిగిలితే? దానికొక డ్రమ్ము ఉంది. నటుల పేర్లు, పనివాళ్ల పేర్లు రాసిన పొడవైన నల్ల కాగితం చుట్టిన డ్రమ్ము. ఒక మనిషి చేత్తో తిప్పుతాడు. సమయం మిగిలితే మెల్లగా, మిగలకపోతే గిర్రున. పాత కినెస్కోపులు ఎప్పుడైనా చూస్తే చివరి పేర్ల వేగం గమనించండి. నాటకం ఆ రోజు ఎంత ముందుగా అయిపోయిందో, ఎంత ఆలస్యమైందో అక్కడే తెలిసిపోతుంది.

నేనూ పది నిమిషాలు ఎక్కువే తీసుకున్నాను, ఇక్కడ తిప్పడానికి డ్రమ్ము లేదు. ప్రశ్నలుంటే అడగండి.